ముప్పై ఒక్క కాగితాల్లో ఒకే ముసలాయన

1. మొదటి వారం, సోమవారం

కొత్త పాఠం చెప్పేవాళ్ళు జరిగిన సంగతులు ఎప్పటికప్పుడు చేత్తో రాసిపెట్టాలని కాలేజీ నియమం. ప్రతి గదిలోనూ ఉండి, అడిగినవాటికి జవాబు చెప్పే గోడకు చెప్పి రాయించుకోకూడదు. నేను కలం పట్టుకుని చాలా ఏళ్ళయింది. నాలుగు వాక్యాలకే బొటనవేలు నొప్పి పుడుతోంది.

నా పేరు హైమవతి. ముంపులో లంకలన్నీ పోయాక మమ్మల్ని తెచ్చిపెట్టిన ఈ మెట్టపురంలో పదకొండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఈ ఏడు నాకు అప్పగించిన పాఠం పేరు ‘ఆలోచన రాత’. పోయిన వేసవిలో జరిగినదాని వల్ల వచ్చిన పాఠం ఇది. నీళ్ళ తొట్టి నిండుగా ఉందని గోడ చెప్పింది. రెండు రోజులు కొళాయిల్లో చుక్క రాలేదు. అప్పుడు కూడా మా పిల్లలు గోడనే మళ్ళీ మళ్ళీ అడిగారు తప్ప, మెట్లెక్కి తొట్టిలోకి తొంగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వీళ్ళకు సందేహపడడం నేర్పండి అన్నారు పెద్దలు.

పొద్దున్నే పెరట్లో రాత్రి మంచు నీటిని పట్టే మంచు వలలు దులిపి, వచ్చిన నీళ్ళు బిందెలో పోసుకుని, కాలేజీకి వెళ్ళాను. ముప్పై ఆరుగురు. బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాను. నీకేం తెలుసు? ఎలా తెలుసు? అది తప్పయ్యే వీలుందా? తప్పయితే దేన్ని చూసి కనిపెడతావు? వారానికో కాగితం ఈ నాలుగింటికీ జవాబు రాసి తేవాలి. మొదటి వారం ఏదైనా చిన్న నమ్మకం తీసుకోమన్నాను.

2. మొదటి వారం, శనివారం

కాగితాలు వచ్చాయి. చదువుతుంటే హాయిగా ఉంది. హాస్టలుకు నలభై రెండు మెట్లని రెండేళ్ళుగా అనుకుంటున్న అమ్మాయి లెక్కపెడితే ముప్పై తొమ్మిదే ఉన్నాయి. ఇమ్మానుయేలు అనే పొడుగాటి అబ్బాయి, తన గొంతు బాగుంటుందని తనకు గట్టి నమ్మకమనీ, చర్చిలో పాడినప్పుడు ఎవరెవరు మొహం తిప్పుకున్నారో ఈసారి గమనించాననీ రాశాడు. తరగతిలో చదివి వినిపిస్తే అందరూ నవ్వారు, వాడితో సహా.

సత్యవేణి అని ఒక పిల్ల వెనక బెంచీలో కూర్చుంటుంది. పందొమ్మిదేళ్ళు. మాట తక్కువ. ఆ పిల్ల కాగితం చివర ఇలా రాసింది: ‘నాకు తెలిసినవాటిలో ఎక్కువ భాగం నేను చూసినవి కావు. ఎవరో చెప్పినవి. ఎవరు చెప్పారో కూడా గుర్తులేనివి చాలా ఉన్నాయి.’ ఆ వాక్యం కింద గీత గీశాను.

వచ్చే వారానికి, మీకు జరిగిందని మీరు ఖచ్చితంగా చెప్పగలిగిన మొట్టమొదటి సంగతి రాయమన్నాను.

3. రెండో వారం, శుక్రవారం

మధ్యాహ్నం భోజనమయ్యాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బయట దుమ్ముగాలి. తలుపులన్నీ బిగించాను.

మొదటి కాగితం ముంపు గురించి. నీళ్ళు వస్తున్నాయంటే అందరూ బస్సు ఎక్కారు. మెట్టు దగ్గర గోధుమరంగు స్వెట్టరు వేసుకున్న ముసలాయన నిలబడి ఉన్నాడు. వంగి, చేతిలో అరటిపండు పెట్టి, ‘తిను, దూరం వెళ్ళాలి’ అన్నాడు. బాగా రాశాడు అబ్బాయి.

రెండో కాగితంలోనూ బస్సే. స్వెట్టరే. అరటిపండే. పక్కవాడిది చూసి రాసిందనుకుని కోపం వచ్చింది. మూడోది, నాలుగోది. తొమ్మిదో కాగితానికి వచ్చేసరికి కోపం పోయింది. ముప్పై ఒక్క కాగితాల్లో అదే ముసలాయన ఉన్నాడు. మిగిలిన ఐదుగురూ మెట్ట ప్రాంతంలో పుట్టిన పిల్లలు. వాళ్ళు కుక్క కరవడం, బడిలో మొదటి రోజు, అలాంటివి రాశారు.

వాళ్ళు ఒకరిని చూసి ఒకరు రాయలేదు. మాటలు వేరు. ఒకరు స్వెట్టరుకు పైగుండీ లేదని రాస్తే ఇంకొకరు ఆయన చేతి గడియారం నడవడం లేదని రాశారు. ఒకే బొమ్మను ముప్పై ఒక్కమంది చూసి, తలా ఒక మూల వర్ణించినట్టుంది.

ఆ అరటిపండు తొడిమ దగ్గర నల్లగా కమిలి ఉందన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అది నాకు తెలుసు. నేను ఆ పండు తిన్నాను. ఆయన వంగి నా చేతిలోనే పెట్టాడు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు.

4. మూడో వారం, సోమవారం

ఏమీ చెప్పకుండా కాగితాలు కలిపి పంచాను. ఎవరిది వాళ్ళకు రాకుండా చూసి, చదవమన్నాను.

మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తరువాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆ తరువాత అదీ ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎవరికి వాళ్ళు, ఆయన తమ ఒక్కరికే పండు ఇచ్చాడని ఇన్నాళ్ళూ అనుకుంటున్నారు.

పెద్ద గుంపు కదా, అందరికీ పంచి ఉంటాడులే అన్నాడు ఇమ్మానుయేలు. సగం మంది తలలూపారు. అప్పుడు వెనక నుంచి సత్యవేణి లేచింది.

“మా లంకకి బస్సు రాదండి. రోడ్డే లేదు. ఎక్కడికెళ్ళాలన్నా పడవే. మరి నేనెక్కిన బస్సు ఎక్కడికొచ్చింది?”

ఆ పిల్లే మళ్ళీ, ఆ ఉక్కపోతలో, లంకల్లో, ఉన్ని స్వెట్టరు ఎవరు వేసుకుంటారని అడిగింది.

ముందు వరసలోని అమ్మాయి అలవాటుకొద్దీ గోడను అడిగింది. లంకల వాళ్ళందరినీ క్షేమంగా తరలించారని గోడ చెప్పింది. అదే గొంతు, రోజూ వినే గొంతు. తరగతి ముందే వదిలేశాను.

5. మూడో వారం, మంగళవారం

నెలలో మొదటి మంగళవారం కనుక ఆరోగ్యకేంద్రంలో బిళ్ళ మార్పించుకునే రోజు. లంకల నుంచి వచ్చినవాళ్ళందరికీ చెవి వెనక చలువబిళ్ళ ఉంటుంది. చింతగింజంత. ముంపు చూసినవాళ్ళకు గుండెదడ రాకుండా శిబిరంలో పెట్టారు. అప్పటి నుంచి నెలకోసారి మార్చుకోవడం అలవాటయిపోయింది. దాని గురించి ఆలోచించేవాళ్ళు లేరు. ఈరోజు వరసలో నిలబడి, నా ముందున్నవాళ్ళ చెవుల వెనకే చూస్తూ ఉన్నాను.

బయటికి వస్తుంటే అక్కడ ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి నా వెంట వచ్చింది. సత్యవేణి తల్లినని చెప్పుకుంది. పేరు నూకరత్నం. యాభై దాటి ఉంటాయి. కూతురు నిన్నటి నుంచి సరిగా తినడం లేదనీ, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటోందనీ చెప్పింది. ఆ రాతలు మాన్పించమని అడిగింది. పాఠం ఉద్దేశం నేను చెప్పబోతే చేత్తో ఆపింది.

“మంచిదేనండి, కాదన్ను. తొట్టి గురించో, మెట్ల గురించో అడగండి. దాని లోపలికి పంపకండి. అక్కడేం లేదండి.”

ఏం లేకపోతే భయమెందుకని అడిగాను. ఆవిడ నన్ను ఒక రకంగా చూసింది. జాలిపడ్డట్టు. ఎందుకో అర్థం కాలేదు. మళ్ళీ చీపురు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది.

6. నాలుగో వారం, శుక్రవారం

ఈ వారం ఏదైనా రాసుకోమన్నాను. సత్యవేణి కాగితం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

‘నాకేం తెలుసు: నా ఎడమ ముంజేతి మీద నాలుగు మచ్చలున్నాయి. నెలవంకల్లా వంగి, వరసగా. చిన్నప్పుడు కంచె గీసుకుందని నాకు తెలుసు. ఎలా తెలుసు: తెలియదు. ఏ కంచె, ఎవరి పొలం, ఎవరు మందు రాశారు, ఏదీ గుర్తులేదు. కంచె గీసుకుంది అన్న మాట మాత్రం ఉంది. తప్పయ్యే వీలుందా: ముళ్ళు గీస్తే గీతలు పడతాయి. ఇవి గీతలు కావు. నా కుడిచేతి గోళ్ళు వాటి మీద పెట్టి చూశాను. ఆకారం సరిపోయింది, కానీ నా గోళ్ళకంటే అవి చిన్నవి. మా వీధిలో నాలుగేళ్ళ పాప ఉంది. ఆ పాపను నా చెయ్యి గట్టిగా పట్టుకోమన్నాను. వేళ్ళు అక్కడికే వచ్చాయి. నన్ను ఎవరో చిన్నపిల్లలు చాలా గట్టిగా పట్టుకున్నారు. ఇప్పుడు పట్టుకుని లేరు. అంటే నేను వదిలేశాను.’

చివరి వాక్యం తప్పు. అంతవరకూ చూసినదాన్ని బట్టి అది తేలదు. ఎర్రసిరాతో ‘ఇది నీకు ఎలా తెలుసు?’ అని రాయబోయాను. కలానికి మూత పెట్టేశాను. కాగితం మీద ఏమీ రాయకుండానే తిరిగి ఇచ్చాను. ఉపాధ్యాయురాలిగా అది నా తప్పు. రాయాల్సింది.

7. నాలుగో వారం, ఆదివారం

పిల్లలకు ఇచ్చిన పని నేను చెయ్యకుండా ఉండడం న్యాయం కాదనిపించింది.

పొత్తికడుపు కింద నాకు అడ్డంగా ఒక మచ్చ ఉంది. జానెడు. అపెండిక్సు ఆపరేషన్ అని తెలుసు. ఎలా తెలుసు? ఆసుపత్రి పేరు గుర్తులేదు. పక్క మంచంలో ఎవరున్నారో, ఎవరు జావ తెచ్చి పెట్టారో, ఎన్నాళ్ళు పడుకున్నానో, ఏదీ లేదు. నా భర్త గుర్తున్నాడు. ముంపుకు ఏడాది ముందు జ్వరంతో పోయాడు. ఆయన చెప్పుల చప్పుడు కూడా గుర్తుంది. ఆపరేషన్ నాటి ఆయన మొహం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

8. ఐదో వారం, సోమవారం

ఆరోగ్యకేంద్రానికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన నర్సు, మెట్ట అమ్మాయి, పేరు వసుంధర. మచ్చ దగ్గర దురదగా ఉందని అబద్ధం చెప్పాను. పరదా వేసి చూసింది. చర్మం బాగానే ఉందనీ, ఎండలకు అలా ఉంటుందనీ చెప్పి, పౌడరు డబ్బా వెతుకుతూ మామూలుగా అడిగింది.

“కాన్పు కోత కదా మేడమ్. పాపా, బాబా?”

పౌడరు తీసుకుని వచ్చేశాను. దారిలో మంచు వలలు అమ్మే కొట్టు దగ్గర ఆగి, అవసరం లేకపోయినా ఒక వల కొన్నాను. ఇంటికొచ్చి అన్నం వండాను. తిన్నాను. గిన్నెలు కడిగాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి నాకేమీ కనిపించడం లేదు. ఒక గది ఉందని తెలిసింది, తలుపు ఎక్కడుందో తెలియడం లేదు, అంతే.

9. ఐదో వారం, గురువారం

శిబిరంలో బిళ్ళలు పెట్టించిన డాక్టర్ రుక్మాంగదరావు ఈ ఊళ్ళోనే, పాత గుట్ట వైపు ఉంటున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మెట్ట మనిషి. పొద్దున పదింటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నా చేతిలోని కాగితాల కట్ట చూడగానే ఎందుకు వచ్చానో ఆయనకు తెలిసిపోయింది. ఎవరూ రాలేదే అని ఎదురుచూశానన్నారు.

ఆయన చెప్పింది క్లుప్తంగా రాస్తున్నాను. శిబిరానికి నాలుగు వేలమంది వచ్చారు. అన్నం తినడం లేదు. రోజుకు కొందరు లేచి నీళ్ళ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ముందు. ఆపడానికి చేతులు చాలలేదు. బిళ్ళతో ఆ రోజును తీసేశారు. పోయినవాళ్ళు గుర్తుంటే ఆ రోజు మళ్ళీ తవ్వుకుంటారని వాళ్ళనూ తీసేశారు. కానీ తీసేసిన చోట మనుషులు ఇంకా అల్లాడిపోయారు.

“ఖాళీ ఉంటే మనిషి దాని చుట్టే తిరుగుతాడమ్మా. ఏదో ఒకటి పెట్టల్ల. ఏం పెట్టేది? భయం లేనిది కావల్ల. నాకు తెలిసిన మంచి జ్ఞాపకం అదొక్కటే ఉండె.”

ఆ ముసలాయన డాక్టర్ గారి తండ్రి, నడివయసు దాటాక కన్న కొడుకు ఈయన. ఆరేళ్ళ వయసులో ఆయన్ని చదువు కోసం దూరం పంపుతూ, చలికాలం పొద్దున, బస్సు మెట్టు దగ్గర నిలబడి అరటిపండు ఇచ్చాడు. ఆ జ్ఞాపకాన్ని నాలుగు వేలమందికి అచ్చు తీశారు.

పోయినవాళ్ళ జాబితా ఎక్కడుందని అడిగాను. ఎవరూ రాయలేదన్నారు. రాయాల్సిన గుమాస్తాలూ లంకల వాళ్ళే. వాళ్ళూ బిళ్ళ పెట్టించుకున్నారు. గోడకు తెలిసింది కూడా వాళ్ళు చెప్పిందే.

బిళ్ళ తీసేస్తే తిరిగి వస్తుందా అని అడిగాను. రాదన్నారు. మార్చుకోకుండా వదిలేస్తే నలభై రోజుల్లో దాని పని ఆగిపోతుంది. మేం పెట్టింది పోతుంది, తీసింది మాత్రం రాదు, ఖాళీ ఒక్కటే మిగులుతుంది అని నేల చూస్తూ చెప్పారు.

లేచేటప్పుడు ఆయన ఒక మాట అడిగారు. స్వెట్టరు ఏ రంగని పిల్లలు రాశారు? గోధుమరంగు అన్నాను. ఇంతమందికి ఇచ్చాక తనకు కథే తప్ప ఆ బొమ్మ మిగల్లేదనీ, ఇప్పుడు నాయన మొహం కావాలంటే బజారులో ఎవరినైనా అడగాల్సిందేననీ అన్నారు. మళ్ళీ చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోకి తీసుకున్నారు.

10. ఆరో వారం, సోమవారం

తరగతికి అంతా చెప్పాను. నేను డాక్టర్ గారింటికి వెళ్ళానని తెలిసి, చెప్పకూడదని ప్రిన్సిపాల్ గారు పొద్దున పిలిచి చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెవి వెనకా బిళ్ళ ఉంది. గదిలో మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేలితో తడుముకుంటూనే ఉన్నారు. తొట్టిలోకి తొంగి చూడడం నేర్పమన్నది మీరేనని అన్నాను. తొట్టి వేరు కదమ్మా అన్నారు. నిజంగానే వేరు.

పిల్లలకు రెండు దారులూ చెప్పాను. బిళ్ళ ఉంటే ముసలాయన ఉంటాడు. తీస్తే ఎవరూ ఉండరు. ఏది మంచిదో నాకు తెలియదని కూడా చెప్పాను. అది ఈ పాఠంలో నేను చెప్పిన అన్ని మాటల్లోకీ కష్టమైంది.

ఇమ్మానుయేలు చాలాసేపు బల్ల మీద వేలితో గీస్తూ కూర్చుని, చివరికి నెమ్మదిగా అన్నాడు. “నాకు తాతలిద్దరూ లేరండి. ఉన్నది ఈయనొక్కడే. అబద్ధమని తెలిసింది కదా, తెలిసే ఉంచుకుంటాను. తప్పా?”

తప్పు కాదన్నాను. తెలిసి ఉంచుకోవడానికీ, తెలియక మోయడానికీ తేడా ఉందని నేననుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

పదిహేనుమంది బిళ్ళ మార్చుకోకూడదని అనుకున్నారు. వాళ్ళలో సత్యవేణి ఒకతె. నేనూ అంతే.

11. పదో వారం, బుధవారం

మొహం ముందు పోయింది. రెండు వారాల కిందట ఒక పొద్దున వలలు దులుపుతూ ఆయన్ని తలుచుకుంటే, స్వెట్టరు ఉంది, పైన మొహం ఉండాల్సిన చోట వెలుతురు ఉంది. తరువాతి వారం స్వెట్టరు పోయింది. బస్సు పోయింది. ఇప్పుడు ఒక చెయ్యి మాత్రం గాలిలో నిలబడి పండు పట్టుకుని ఉంది. దాని వెనక ఎవరూ లేరు.

తరగతిలో కొందరు పాఠం మధ్యలో హఠాత్తుగా తల తిప్పి పక్కకు చూస్తున్నారు, ఎవరో పిలిచినట్టు. ఎవరు పిలిచారని అడిగితే ఎవరూ లేరంటారు. ఒక అబ్బాయి తన పక్కన ఎప్పుడూ ఒకరు కూర్చునేంత చోటు వదిలి కూర్చుంటున్నాడు. తనకే తెలియడం లేదు. ఇమ్మానుయేలు అది చూసి, ఏమీ అనకుండా, వెళ్ళి ఆ చోట్లో కూర్చున్నాడు.

సత్యవేణి రావడం మానేసింది.

12. పదకొండో వారం, శనివారం

పండు కూడా పోయింది. తియ్యదనం మాత్రం నాలుక మీద ఒక రోజంతా ఉంది.

ఉదయం సత్యవేణి కోసం వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు తాళం వేసి ఉంది. కాలేజీకి వస్తే ఖాళీ తరగతిలో తల్లీ కూతుళ్ళిద్దరూ నా కోసం కూర్చుని ఉన్నారు. పిల్ల చిక్కిపోయింది. మచ్చలున్న చేతి మీద కుడిచేతిని కప్పి పెట్టుకుంది. నేను వదిలేశాను అన్న ఒక్క మాట తప్ప ఇంట్లో వేరే మాట లేదని నూకరత్నం చెప్పింది. తరువాత తన చెవి వెనక గోటితో గీకి, అక్కడున్నదాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టింది.

బిళ్ళ కాదు. చొక్కా గుండీ. జిగురు పెట్టి అతికించింది.

శిబిరంలో ఆవిడకు చెవి వెనక పెద్ద కురుపు. తగ్గాక రమ్మన్నారట. ఈలోగా పక్క చాపల మీద వాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళి, నవ్వుతూ తిరిగి రావడం చూసింది. నిన్నటిదాకా కొడుకు పేరు పెట్టి అరిచిన మనిషి, ఈరోజు నాకసలు పిల్లలే లేరంటుంటే విన్నది. ఇక వెళ్ళలేదు. కూతుర్ని మాత్రం పంపింది. ఆరోగ్యకేంద్రంలో ఊడ్చే పని కూడా అందుకే పట్టింది. లోపలి మనిషిని ఎవరూ వరసలో నిలబెట్టరు. పన్నెండేళ్ళు ఆ నాలుగు వేలమంది మధ్య, గుర్తున్నది తనొక్కతే అయి బతికింది.

కూతురి వైపు తిరిగి, గొంతు పెంచకుండా, చెప్పింది.

“నువ్వు ఒదల్లేదే. తమ్ముడు నీ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నేను కొబ్బరిచెట్టు కావలించుకుని నీ జుట్టు పట్టుకున్నాను. ఇద్దర్నీ లాగలేకపోయేను. నువ్వు కూడా జారిపోతన్నావు. ఆడి చేతి ఏళ్ళు నేనే ఇడదీసేను. ఒక్కోటీ. నువ్వు ఒద్దమ్మా ఒద్దమ్మా అని అరిచేవు.”

సత్యవేణి కదలకుండా విన్నది. తల్లి బల్ల అంచు పట్టుకుని, కొట్టినా పడడానికి సిద్ధమన్నట్టు కూర్చుంది. పిల్ల నెమ్మదిగా తన కుడిచేతిని పక్కకు తీసి, మచ్చలున్న చేతిని తల్లి ముందు బల్ల మీద చాపింది.

“ఆడి పేరేంటమ్మా?”

వీరబాబు అని చెప్పింది నూకరత్నం. నాలుగేళ్ళనీ, పెరుగన్నం తప్ప ఏదీ తినేవాడు కాదనీ, అక్క బడికి వెళ్తే రేవు దాకా ఏడుస్తూ వచ్చేవాడనీ చెప్పింది. మొదలుపెట్టాక ఆవిడకు ఆగడం తెలియలేదు. సత్యవేణి నా బల్ల మీద నుంచి ఒక కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆపి, అది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా అని అడిగింది. చూసేనని చెబితే రాసింది. ఒకచోట మీ నాన్నమ్మ చెప్పిందని తల్లి అంటే, నాన్నమ్మ చెప్పిందనే రాసింది. అప్పుడే వాళ్ళిద్దరూ ఏడ్చారు. రాయడం ఆపకుండానే.

బయట కాలేజీ కొళాయి దగ్గర బిందెల చప్పుడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అడగాలని ఉంది. నూకరత్నమే నా వైపు చూసింది.

“మీరు పల్లిపాలెం బడి పంతులమ్మగారు. మా పక్క లంకే. ఎప్పుడో అడుగుతారని ఇన్నేళ్ళూ చూస్తానే ఉన్నానండి. అడక్కూడదనీ మొక్కుకున్నాను.”

అడుగుతున్నాను అన్నాను.

పాప అని చెప్పింది. రెండేళ్ళు నిండలేదట. పేరు మధులత. బడిలో నా బల్ల కింద కూర్చుని సుద్దముక్కలు తినేదట. మాటలు సరిగా రాలేదనీ, నన్ను అమ్మ అని కాకుండా పిల్లలందరితో పాటు ‘తీచర్’ అని పిలిచేదనీ చెప్పింది. ముంపు రోజు ఏం జరిగిందో తను చూడలేదంది. చూడనిది చెప్పనంది.

నేను కళ్ళు మూసుకుని వెతికాను. మధులత. సుద్దముక్క. బల్ల కింద. ఏమీ కదలలేదు. ఎవరి పాప గురించో వింటున్నట్టే ఉంది. కొంతసేపటికి నూకరత్నం మాటలు ఆగిపోయాయి. నాకు గుర్తొచ్చిందా అని నా మొహంలోకి చూస్తోంది.

వెళ్ళి ఆవిడ ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను.

“మళ్ళీ చెప్పండి. మొదటి నుంచి.”

చెప్పింది. నాకేమీ గుర్తు రాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను.